స్ట్రక్చర్ గీసే ముందు నైట్రోజన్ ఎక్కడుందో చూడండి

ప్రశ్న: "విశాఖలో ఎం.ఫార్మసీ మొదటి ఏడాది చదువుతున్నాను. నాడీవ్యవస్థ మీద పనిచేసే మందుల స్ట్రక్చర్లు ఎన్నిసార్లు బట్టీ పట్టినా పరీక్ష అయిన వారానికే మర్చిపోతున్నాను. క్లోర్‌ప్రోమజిన్, ఇమిప్రమిన్, కార్బమజెపిన్ మూడూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, పని మాత్రం మూడూ వేర్వేరుగా చేస్తాయి. ఎందుకు? ప్రాజెక్టుకి డాకింగ్ (మందు ప్రొటీన్‌లో ఎలా కూర్చుంటుందో కంప్యూటర్‌లో చూడటం) చేద్దామనుకుంటున్నాను, సరిపోతుందా? చదువయ్యాక పరవాడ ఫార్మా సిటీలో ఆర్ అండ్ డీలో చేరాలని ఉంది. ఈ సబ్జెక్టు అక్కడ నిజంగా పనికొస్తుందా?"

అమ్మా, మీరు రాసిన ఆ మూడు మందులు చాలు, ఈ సబ్జెక్టులో సగం వాటిమీదే చెప్పుకోవచ్చు. నేను సింథసిస్ ల్యాబ్‌లో పని మొదలుపెట్టి, తర్వాత చాలా ఏళ్లు పరవాడ వైపు ప్లాంట్లలో ఏపీఐ (మాత్రలో పనిచేసే అసలు మందు పదార్థం) తయారీ చూశాను. ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలకి పని నేర్పుతున్నాను. వాళ్లలో ఎక్కువమందికి మీకున్న ఇబ్బందే ఉంటుంది. దానికి జ్ఞాపకశక్తి కారణం కాదు. మనం స్ట్రక్చర్‌ని బొమ్మలాగా నేర్చుకుంటాం. ముందు రింగులు గీస్తాం, వాటికి క్లోరినో ఫ్లోరినో తగిలిస్తాం, చివర్లో ఎక్కడో ఒక మూల నైట్రోజన్ పెట్టి వదిలేస్తాం. మెదడు మందుల విషయంలో ఇది తలకిందుల పద్ధతి. ముందు నైట్రోజన్ని చూడండి. అది బేసిక్ నైట్రోజనా, అంటే ప్రోటాన్‌ని పట్టుకోగలిగేదా, కాదా? రింగు నుంచి ఎన్ని కార్బన్ల దూరంలో ఉంది? దాని మీద ఎన్ని మిథైల్స్ ఉన్నాయి? చార్జ్ వచ్చిపోయేదా, శాశ్వతంగా ఉండేదా? ఈ నాలుగూ అడిగాకే రింగుల దగ్గరికి రండి.

ఎందుకంటే డోపమిన్, సెరటోనిన్, నారడ్రెనలిన్, హిస్టమిన్, ఇవన్నీ అమీన్లే. రక్తం పీహెచ్ 7.4. అక్కడ వీటి నైట్రోజన్ ఒక ప్రోటాన్‌ని పట్టుకుని పాజిటివ్ చార్జ్‌తో ఉంటుంది. వీటిని అందుకునే రిసెప్టర్లలో దాదాపు అన్నిటిలో మూడో హెలిక్స్ (ప్రొటీన్‌లో మెలితిరిగిన భాగం) మీద ఒక ఆస్పార్టిక్ యాసిడ్ ఉంటుంది. దానిది నెగటివ్ చార్జ్. డోపమిన్ డి2 రిసెప్టర్‌లో అది 114వ స్థానంలో ఉంది. సెరటోనిన్‌ని తిరిగి లోపలికి లాక్కునే ట్రాన్స్‌పోర్టర్‌లోనూ 98వ స్థానంలో ఇలాంటి ఆస్పార్టేటే (చార్జ్ ఉన్న ఆస్పార్టిక్ యాసిడ్) ఉంది. ఆ చోట కూర్చోవాలనుకునే ఏ మందైనా ఒక బేసిక్ నైట్రోజన్‌తో రావలసిందే. స్కిజోఫ్రీనియా మందుల్లో, డిప్రెషన్ మందుల్లో, పాత అలర్జీ మాత్రల్లో, చివరికి మార్ఫిన్‌లో కూడా అది కనిపించేది అందుకే.

ఇక్కడే ఒక చిక్కుంది. చార్జ్ ఉన్న మాలిక్యూల్ కొవ్వు పొరని దాటలేదు. మెదడు రక్తనాళాల గోడలో కణాలు ఒకదానికొకటి బిగుసుకుని ఉంటాయి, సందుల్లోంచి జారిపోయే అవకాశం ఉండదు, పొరలోంచే దాటాలి. మరి పీకేఏ (సగం మాలిక్యూల్స్ చార్జ్‌తో, సగం చార్జ్ లేకుండా ఉండే పీహెచ్) 9.4 ఉన్న అమీన్ లోపలికి ఎలా పోతుంది? హెండర్సన్–హాసెల్‌బాక్ లెక్క వెయ్యండి. 7.4 దగ్గర వందలో 99 మాలిక్యూల్స్ చార్జ్‌తో ఉంటాయి, ఒక్కటి మాత్రం చార్జ్ లేకుండా ఉంటుంది. దాటేది ఆ ఒక్కటే. అది దాటగానే ఇవతల మిగిలినవాటిలో ఇంకోటి ప్రోటాన్ వదిలేసి దాని స్థానం తీసుకుంటుంది. ఈ సర్దుబాటు రెప్పపాటులో జరిగిపోతూ ఉంటుంది కాబట్టి ఒక్క శాతమే సరిపోతుంది. అవతలికి వెళ్లింది మళ్లీ ప్రోటాన్ తీసుకుని ఆస్పార్టేట్‌కి అతుక్కుంటుంది. దాటడానికి ఒక రూపం, పనిచేయడానికి ఇంకో రూపం. మెదడు మందుల కెమిస్ట్రీకి ఇదే పునాది.

దీన్ని కళ్లతో చూడాలంటే మీ కాలేజీ ల్యాబ్ చాలు. కొంచెం అమిట్రిప్టిలిన్ హైడ్రోక్లోరైడ్ తీసుకుని నీళ్లలో వెయ్యండి. ఇట్టే కరిగి నీళ్లు తేటగా ఉంటాయి. ఇప్పుడు కాస్టిక్ సోడా ద్రావణం చుక్కచుక్కగా వదలండి. మొదట ఏమీ కనపడదు, కొన్ని చుక్కలకి ఒక తెల్లటి తెర వచ్చి కలిపితే మాయమవుతుంది, ఆ తర్వాత ఎంత కలిపినా మాయం కాదు. ద్రావణం మొత్తం పాలలా తెల్లబడి, కాసేపు ఉంచితే నూనె చుక్కలు విడిపోతాయి. అదే ఫ్రీ బేస్, అంటే చార్జ్ లేని రూపం. టొలీన్ పోసి సెపరేటింగ్ ఫన్నెల్‌లో కుదిపితే మొత్తం టొలీన్‌లోకి వెళ్లిపోతుంది. ఆ టొలీన్‌ని సజల హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో కుదిపితే మందు మళ్లీ నీళ్లలోకి దిగొస్తుంది. ఫన్నెల్‌లో మీరు పీహెచ్ మార్చి చేయించిన పనే శరీరంలో పొర దగ్గర దానంతటది జరుగుతోంది. ఒక్కసారి ఈ ప్రయోగం చేతులారా చేసినవాళ్లు పీకేఏ గురించి మళ్లీ పుస్తకం తెరవక్కర్లేదు.

ఇక మీ మూడు మందులు.

క్లోర్‌ప్రోమజిన్‌కి ముందు అలర్జీ మందుగా ప్రోమెథజిన్ ఉంది. రెండిటిలోనూ ఫీనోథయాజిన్ రింగే. ప్రోమెథజిన్‌లో రింగు నైట్రోజన్‌కీ చివరి అమీన్‌కీ మధ్య రెండు కార్బన్లు, అందులో ఒకదానికి మిథైల్ కొమ్మ. అది హిస్టమిన్ రిసెప్టర్‌కి సరిపోయే దూరం. 1950 డిసెంబర్‌లో ఫ్రాన్స్‌లోని రోన్–పూలాంక్ కంపెనీలో పాల్ షార్పాంటియే ఆ దూరాన్ని మూడు కార్బన్లకి పెంచి, రింగు మీద రెండో స్థానంలో క్లోరిన్ పెట్టాడు. 1952లో పారిస్‌లో డెలే, డెనికర్ దాన్ని మానసిక రోగులకి ఇచ్చి చూశారు. మానసిక వైద్యశాలల చరిత్రే మారిపోయింది. క్లోరిన్ లేకపోతే అది ప్రోమజిన్, చాలా బలహీనమైన మందు. క్లోరిన్ ఏం చేస్తుందంటే, సైడ్ చైన్ తనవైపు ఉన్న బెంజీన్ రింగు మీదకి వంగేలా చేస్తుంది. అలా వంగినప్పుడు ఆ రింగు, ఆ నైట్రోజన్ ఉన్న తీరు డోపమిన్ ఆకారానికి దగ్గరగా వస్తుంది. అంటే క్లోరిన్ పని కూడా నైట్రోజన్ని సరైన చోట నిలబెట్టడమే.

ఇమిప్రమిన్‌లో సైడ్ చైన్ అచ్చం అదే, మూడు కార్బన్లు, డైమిథైల్ అమీన్. మారింది మధ్య రింగు. సల్ఫర్ తీసేసి రెండు కార్బన్ల వంతెన పెట్టారు. దాంతో ఆరు పరమాణువుల రింగు ఏడు పరమాణువులదయింది, రెండు బెంజీన్ రింగులూ ఇంకొంచెం మడతపడి మెలితిరిగాయి. స్విట్జర్లాండ్‌లోని గైగీ కంపెనీ దీన్ని కూడా స్కిజోఫ్రీనియాకే అనుకుంది. రోలండ్ కూన్ అనే సైకియాట్రిస్ట్ రోగుల్ని దగ్గరుండి గమనించి, ఇది భ్రమల్ని తగ్గించట్లేదు, దిగులుని తగ్గిస్తోంది అని 1957లో ప్రకటించాడు. మెలితిరిగిన ఆ ఆకారం డోపమిన్ రిసెప్టర్‌ని వదిలి, సెరటోనిన్, నారడ్రెనలిన్ ట్రాన్స్‌పోర్టర్లకి సరిపోయింది.

ఇప్పుడు దాని నైట్రోజన్ మీద ఒక మిథైల్ తీసేయండి. డెసిప్రమిన్ వస్తుంది. ఇమిప్రమిన్ రెండు ట్రాన్స్‌పోర్టర్లనీ పట్టుకుంటే, డెసిప్రమిన్ నారడ్రెనలిన్ ట్రాన్స్‌పోర్టర్‌ వైపు గట్టిగా మొగ్గుతుంది. అమిట్రిప్టిలిన్ నుంచి నార్‌ట్రిప్టిలిన్ కూడా ఇలాగే. మనం ల్యాబ్‌లో తీసేయక్కర్లేదు, కాలేయమే ఆ మిథైల్ తీసేస్తుంది. కాబట్టి అమిట్రిప్టిలిన్ వేసుకుంటున్న మనిషి ఒంట్లో నిజానికి రెండు మందులు తిరుగుతుంటాయి. ఎవరి ఒంట్లో ఏది ఎంత ఉందనేది వాళ్ల కాలేయం ఎంజైముల మీద ఆధారపడి ఉంటుంది. ఒకే డోసు ఒకరిని రోజంతా మత్తులో ఉంచి ఇంకొకరికి ఏమీ చేయకపోవడానికి ఇదొక కారణం.

కార్బమజెపిన్ మీకు ఇమిప్రమిన్ తోబుట్టువులా కనిపిస్తోంది కదా, నిజమే. అదే గైగీలో, అదే ఏడు పరమాణువుల రింగుతో 1953లో షిండ్లర్ తయారుచేశాడు. కానీ మొదటి ప్రశ్న వెయ్యండి, బేసిక్ నైట్రోజన్ ఉందా? లేదు. రింగు నైట్రోజన్ మీద నేరుగా కార్బొనిల్, దానికి అమైడ్. నైట్రోజన్ల మీద ఉన్న ఎలక్ట్రాన్ల జంటల్ని కార్బొనిల్ తనవైపు లాగేసుకుంది. ప్రోటాన్ పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. కాబట్టి ఇది అమీన్ రిసెప్టర్ల జోలికి పోదు, సోడియం చానల్‌లో కూర్చుని నాడీకణం అదేపనిగా సంకేతాలు పంపకుండా ఆపుతుంది. ఫిట్స్‌కీ, ముఖంలో కరెంటు షాక్‌లాంటి నొప్పికీ వాడతారు. చూడండి, రింగులు గీసి మొదలుపెడితే ఈ మూడూ కలగాపులగం. నైట్రోజన్‌తో మొదలుపెడితే కార్బమజెపిన్ మొదటి ప్రశ్నకే విడిపోతుంది.

ఇదే పద్ధతిలో ఫిట్స్ మందుల వరసంతా చూసుకోండి. ఫెనిటాయిన్, ఫీనోబార్బిటాల్, వాల్‌ప్రొయేట్, లెవెటిరాసెటమ్, దేనిలోనూ బేసిక్ అమీన్ ఉండదు. చానల్ మీదో, ఎంజైమ్ మీదో, ఇంకో ప్రొటీన్ మీదో పనిచేసేవాటికి అది అక్కర్లేదు.

నైట్రోజన్ చోటు మార్చకుండా రింగు చివర ఏం పెడితే ఏమవుతుందో చూడాలంటే ఫ్లూఆక్సెటిన్ కుటుంబాన్ని పక్కపక్కన గీయండి. మూడు కార్బన్ల చైన్, చివర మిథైల్ అమీన్, ఒక ఫినైల్, ఒక ఫినాక్సీ, ఇంతవరకూ మూడిటికీ ఒకటే. ఫినాక్సీ రింగు మీద పారా స్థానంలో ట్రైఫ్లోరోమిథైల్ పెడితే ఫ్లూఆక్సెటిన్, సెరటోనిన్ వైపు. ఆర్థో స్థానంలో మెథాక్సీ పెడితే నిసాక్సెటిన్, నారడ్రెనలిన్ వైపు. ఆర్థోలో ఒట్టి మిథైల్ పెడితే అటామాక్సెటిన్, అది కూడా నారడ్రెనలిన్ వైపే, పిల్లల ఏడీహెచ్‌డీకి (ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేని సమస్యకి) వాడేది. డిప్రెషన్ మాత్రా, ఏడీహెచ్‌డీ మాత్రా అన్నది రింగు మీద ఏ స్థానం అన్నదాన్ని బట్టి తేలింది. నాకు ఈ సబ్జెక్టులో ఇప్పటికీ ఒళ్లు జలదరించే చోటు ఇదే.

మెదడు తలుపు దగ్గర ఏం జరుగుతుందో చెప్పే ఉదాహరణలు మందుల షాపులోనే దొరుకుతాయి. వాంతులకి మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ చేశాక కొందరు కుర్రవాళ్లకి మెడ ఒకపక్కకి మెలితిరిగిపోతుంది, దవడ బిగుసుకుపోతుంది, కనుగుడ్లు పైకి వెళ్లిపోతాయి. ఇంట్లోవాళ్లు ఫిట్స్ అనో, గాలి సోకిందనో హడలిపోయి పెద్దాసుపత్రి క్యాజువాల్టీకి పరిగెత్తుకొస్తారు. డ్యూటీ డాక్టర్ ప్రోమెథజిన్ ఇంజెక్షన్ చేస్తే చాలాసార్లు కొద్దిసేపట్లోనే మెడ సర్దుకుంటుంది. మెటోక్లోప్రమైడ్ మెదడులోకి దూరి అక్కడి డి2 రిసెప్టర్లని మూసేయడం వల్ల వచ్చిన తిప్పలివి. డోమ్‌పెరిడోన్ కూడా డి2నే మూస్తుంది, వాంతులూ ఆగుతాయి, కానీ ఇలా మెడ తిరగడం చాలా అరుదు. ఎందుకంటే మెదడు గోడలో పి–గ్లైకోప్రొటీన్ అనే పంపు ఉంది. లోపలికి వచ్చిన డోమ్‌పెరిడోన్‌ని అది వెంటనే రక్తంలోకి తోసేస్తుంది.

విరేచనాలకి వాడే లోపెరమైడ్ కూడా ఇంతే. అది నిజానికి మార్ఫిన్ పనిచేసే రిసెప్టర్ మీదే పనిచేసే మందు. అయినా చాలా దేశాల్లో డాక్టర్ చీటీ లేకుండా అమ్ముతున్నారంటే, ఆ పంపు దాన్ని మెదడులోకి రానివ్వకపోవడం వల్లే. 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరోగ్యవంతులకి లోపెరమైడ్‌తో పాటు ఆ పంపుని ఆపే క్వినిడిన్ ఇస్తే, ఊపిరి నెమ్మదించే లక్షణం బయటపడింది. కాబట్టి లాగ్ పి (మందు కొవ్వులో ఎంత కరుగుతుందో చెప్పే సంఖ్య) ఒక్కటి చూసి "ఇది లోపలికి పోతుంది" అని తేల్చేయకండి. లోపెరమైడ్ లాగ్ పి చాలా ఎక్కువ, అయినా లోపల నిలవదు.

సెటిరిజిన్ విషయం ఇంకా తేలిక. హైడ్రాక్సిజిన్ అనే మత్తెక్కువ ఇచ్చే మందుని కాలేయం ఆక్సీకరిస్తే చివర కార్బాక్సిలిక్ యాసిడ్ వస్తుంది, అదే సెటిరిజిన్. బేసిక్ నైట్రోజన్ అలాగే ఉంది, పక్కనే యాసిడ్ చేరింది, ఒకే మాలిక్యూల్ మీద ప్లస్, మైనస్ రెండూ. అందుకే మెదడులోకి వెళ్లేది బాగా తగ్గింది. పూర్తిగా ఆగలేదు, కాబట్టే కొందరికి ఇంకా నిద్ర వస్తుంది.

ఇప్పుడు నాలుగో ప్రశ్న, శాశ్వతమైన చార్జ్. నైట్రోజన్ మీద నాలుగు కార్బన్లు ఉంటే ఎంత కాస్టిక్ పోసినా ఫ్రీ బేస్ రాదు, చార్జ్ పోదు. నియోస్టిగ్మిన్ అలాంటిది. కండరాల బలహీనతకి పనికొస్తుంది, మెదడుని తాకదు. రివాస్టిగ్మిన్ కూడా ఫీనాల్ మీద కార్బమేటే, అదే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ ఎంజైమ్‌ని ఆపేదే. కానీ దాని నైట్రోజన్ మీద మూడే కార్బన్లు, కాబట్టి లోపలికి పోతుంది, అల్జీమర్స్‌కి వాడగలుగుతున్నారు.

ఈ తేడా ప్రాణం మీదకి వచ్చే చోటు ఒకటుంది, మన ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇది కొత్త కాదు. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు ఒంట్లోకి పోయిన మనిషి. ఆ మందులోని ఫాస్ఫరస్ ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌లోని సెరిన్‌కి అతుక్కుంటుంది, ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది. కళ్లపాపలు సూదిమొనలంత అవుతాయి, నోట్లోంచి చొంగ, ఊపిరితిత్తుల్లో నీరు. అట్రోపిన్ ఇస్తారు. దాని నైట్రోజన్ టెర్షియరీ, అంటే మూడే కార్బన్లున్నది, కాబట్టి మెదడులోకి కూడా వెళ్లి అక్కడి మస్కరినిక్ రిసెప్టర్లనీ (ఎసిటైల్‌కోలిన్‌ని అందుకునేవి) కాపాడుతుంది. అయితే అది లక్షణాల్ని ఆపుతుంది గానీ ఎంజైమ్‌ని విడిపించదు. విడిపించడానికి ప్రాలిడాక్సిమ్. దాని నైట్రోజన్‌కి శాశ్వత చార్జ్ ఉంది. ఎసిటైల్‌కోలిన్‌కీ శాశ్వత చార్జే కదా, ఎంజైమ్‌లో ఆ చార్జ్‌ని ఆహ్వానించే చోటు ముందే సిద్ధంగా ఉంది. ప్రాలిడాక్సిమ్ అక్కడికి చేరి, తన ఆక్సిమ్ ఆక్సిజన్‌తో ఫాస్ఫరస్‌ని లాగేస్తుంది. ఎంజైమ్ దగ్గర బలంగా పనిచేయించిన ఆ చార్జే దాన్ని మెదడులోకి మాత్రం సరిగా వెళ్లనివ్వదు. పైగా ఆలస్యమైతే ఫాస్ఫరస్ మీదున్న ఒక ఆల్కైల్ గుంపు ఊడిపోయి బంధం బిగుసుకుపోతుంది, దాన్ని ఏజింగ్ అంటారు, ఆ తర్వాత ఆక్సిమ్ వల్ల లాభం ఉండదు. అందుకే పల్లెలో పసరు తాగించి, ఉప్పునీళ్లు పట్టించి గంటలు పోగొట్టొద్దని మీలాంటి ఫార్మసీ పిల్లలు చెప్పగలగాలి. కెమిస్ట్రీ తెలిసినవాళ్లు చెప్తే ఆ మాటకి బరువుంటుంది.

చార్జ్ గురించి చెప్తున్నాను కాబట్టి ఎంపీటీపీ కథ వదలను. మీరు ప్లాంట్‌కి వెళ్లాలనుకుంటున్నారు గనక ఇది తప్పనిసరి. 1982లో కాలిఫోర్నియాలో కొందరు యువకులు ఉన్నట్టుండి కొయ్యబారిపోయారు. ముసలితనంలో రావలసిన పార్కిన్సన్స్ లక్షణాలు కొద్ది రోజుల్లో వచ్చేశాయి. విలియం లాంగ్‌స్టన్ అనే న్యూరాలజిస్ట్, ఆయన తోటివాళ్లు ఆరా తీస్తే, వాళ్లంతా దొంగచాటుగా తయారైన ఒక మత్తుమందు ఎక్కించుకున్నారని తేలింది. అది పెథిడిన్‌కి దగ్గరి మాలిక్యూల్, ఒక ఎస్టర్. తయారీలో యాసిడ్, వేడి అదుపు తప్పితే ఆ ఎస్టర్ ఊడిపోయి రింగులో డబుల్ బాండ్ వస్తుంది. అలా పుట్టిన ఇంప్యూరిటీ ఎంపీటీపీ. దాని నైట్రోజన్ మామూలు టెర్షియరీ అమీన్, కొవ్వులో కరుగుతుంది, మెదడులోకి సులువుగా పోతుంది. లోపల ఎంఏఓ–బి ఎంజైమ్ దాన్ని ఆక్సీకరించి పిరిడీనియంగా మారుస్తుంది, అంటే శాశ్వత చార్జ్. ఆ రూపాన్ని డోపమిన్ ట్రాన్స్‌పోర్టర్ డోపమిన్ అనుకుని కణంలోకి లాక్కుంటుంది. అక్కడది మైటోకాండ్రియాలోని కాంప్లెక్స్ 1ని ఆపేస్తుంది, డోపమిన్ కణాలు చచ్చిపోతాయి. ఈ నాలుగు మెట్లలో ప్రతి మెట్టూ నైట్రోజన్ స్థితి మీదే నడిచింది. పార్కిన్సన్స్ పరిశోధనకి జంతు నమూనా దీనివల్లే దొరికింది. బ్యాచ్ రికార్డులో ఉష్ణోగ్రత దాటితే "రెండు డిగ్రీలే కదా" అనే పిల్లలకి నేనీ కథ చెప్తాను.

బలమైన బేసిక్ నైట్రోజన్ లేకపోయినా నైట్రోజన్‌తో చేసిన తెలివైన పని చూడాలంటే మిడజోలమ్. డయజిపామ్ నైట్రోజన్‌ల బలం చాలా తక్కువ, రక్తంలో చార్జ్ ఉండదు, నీళ్లలో కరగదు. ఇంజెక్షన్‌కి ప్రొపైలిన్ గ్లైకాల్ లాంటి సాల్వెంట్ వాడాలి, నరంలో మంట పుడుతుంది. మిడజోలమ్‌కి ఒక ఇమిడజోల్ రింగు అతికించారు, దాని నైట్రోజన్ ప్రోటాన్ తీసుకుంటుంది. ఆంప్యూల్‌లో పీహెచ్ 3 చుట్టూ ఉంటుంది, అక్కడ సాల్ట్‌గా నీళ్లలో కరుగుతుంది, పైగా డయజిపీన్ రింగు కొంత తెరుచుకుని ఉంటుంది. రక్తంలో పడి పీహెచ్ 7.4 రాగానే రింగు మూసుకుంటుంది, చార్జ్ పోతుంది, కొవ్వులో కరిగే మందై మెదడులోకి పరిగెడుతుంది. ఫిట్స్ ఆగకుండా వస్తున్న పిల్లాడికి ముక్కులో కొట్టే స్ప్రేలో ఉండేది ఇదే మందు.

లెవోడోపా, ప్రీగబాలిన్‌ల దగ్గర మాత్రం పై లెక్కలేవీ పనిచేయవు. రెండూ అమైనో ఆమ్లాలే, రెండు చార్జ్‌లూ ఉంటాయి, పొరని దాటలేవు. కానీ మెదడు గోడలో ఫినైల్అలనిన్, లూసిన్ లాంటివాటిని మోసుకెళ్లే ఎల్‌ఏటీ1 అనే ట్రాన్స్‌పోర్టర్ ఉంది, ఇవి దాన్ని ఎక్కి పోతాయి. అందుకే పార్కిన్సన్స్ ఉన్న పెద్దాయన చేపల పులుసు, గుడ్లు, పప్పు దండిగా తిని వెంటనే మాత్ర వేసుకుంటే సరిగా పట్టదు, భోజనంలోని అమైనో ఆమ్లాలు దారిలో పోటీకి వస్తాయి. భోజనానికి అరగంట ముందు వేసుకోమనేది ఇందుకే. ఇదే ఎల్-డోపాని 1937లోనే దామోదరన్, రామస్వామి అనే మన శాస్త్రజ్ఞులు దూలగొండి గింజల నుంచి వేరుచేశారు. దురద పుడుతుందని చిన్నప్పుడు మనం దూరంగా ఉన్న తీగే అది.

డాకింగ్ గురించి. చేయండి, కానీ అదొక్కటే చేస్తే నేనైతే ఒప్పుకోను. 2018లో రిస్పెరిడోన్ అతుక్కుని ఉన్న డి2 రిసెప్టర్ క్రిస్టల్ స్ట్రక్చర్ వచ్చింది, ప్రొటీన్ డేటా బ్యాంక్‌లో 6సీఎం4 పేరుతో ఉంది, దాంతో మొదలుపెట్టండి. పిల్లలు ఎక్కువగా వదిలేసేది లైగాండ్ ప్రోటొనేషన్, అంటే మందు నైట్రోజన్‌కి ప్రోటాన్ పెట్టడం. వెబ్‌సైట్ నుంచి స్ట్రక్చర్ దింపుకుని అలాగే డాక్ చేస్తారు, అందులో అమీన్ న్యూట్రల్‌గా ఉంటుంది. ఆస్పార్టేట్ 114తో ఉండాల్సిన చార్జ్ బంధం లెక్కలోకే రాదు, వచ్చిన స్కోర్లకి అర్థం ఉండదు. ముందు రిస్పెరిడోన్‌నే తీసి మళ్లీ డాక్ చేసి, దాని పాత చోటికే వస్తోందా, నైట్రోజన్ ఆ ఆస్పార్టేట్‌కి మూడు ఆంగ్‌స్ట్రామ్‌ల చుట్టూ ఉందా చూడండి. అది సరిపోయాకే మీ కాంపౌండ్లు. అయినా సరే, మెటోక్లోప్రమైడ్, డోమ్‌పెరిడోన్ రెండూ డి2లో చక్కగా కూర్చుంటాయి, మెదడులో ఎవరు నిలుస్తారో డాకింగ్ చెప్పదు.

కాబట్టి ప్రాజెక్టులో కొంత చేతిపని కలపండి. పొటెన్షియోమెట్రిక్ టైట్రేషన్‌తో పీకేఏ కొలవండి. ఆక్టనాల్, 7.4 బఫర్ మధ్య కుదిపి, యూవీలో చదివి లాగ్ డి (ఆ పీహెచ్ దగ్గర కొవ్వు, నీళ్ల మధ్య మందు పంపకం) కొలవండి. ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. 2010లో ఫైజర్ కెమిస్టులు ప్రచురించిన సీఎన్‌ఎస్ ఎంపీఓ అనే స్కోరు ఉంది, మాలిక్యూల్ మెదడు మందుగా ఎంత సరిపోతుందో చెప్పేది. లాగ్ పి, లాగ్ డి, మాలిక్యులర్ వెయిట్, పోలార్ సర్ఫేస్ ఏరియా, హైడ్రోజన్ బాండ్ డోనార్లు, పీకేఏ, ఈ ఆరింటికీ ఒక్కోటి చొప్పున మొత్తం 6 మార్కులు. వాళ్లు చూసిన 119 మెదడు మందుల్లో 74 శాతానికి 4 లేదా అంతకంటే ఎక్కువ వచ్చింది. మీ కాంపౌండ్లకి అది లెక్కకట్టి, మీరు కొలిచిన విలువలతో పోల్చి చూపించండి. సాఫ్ట్‌వేర్ చెప్పిన పీకేఏకీ మీరు కొలిచినదానికీ తేడా వస్తే, ఎందుకొచ్చిందో రాసిన ఆ ఒక్క పేజీ మీ థీసిస్ మొత్తానికి విలువ తెస్తుంది. పాత జర్నల్ వ్యాసాలు కావాలంటే ఆంధ్రా యూనివర్సిటీ డాక్టర్ వి.ఎస్.కృష్ణా లైబ్రరీలో ముందు వెతకండి.

పరవాడలో పనికొస్తుందా అంటే, రోజూ పనికొస్తుంది. అక్కడ ఎక్కువగా జరిగేది కొత్త మందు కనిపెట్టడం కాదు, తెలిసిన మందుని శుభ్రంగా, చవగ్గా, ప్రతి బ్యాచ్ ఒకేలా తీయడం. ఏ పీహెచ్ దగ్గర లేయర్ సెపరేట్ చేయాలో పీకేఏ చెప్తుంది. మిథైల్ ఒకటి తగ్గిన ఇంప్యూరిటీ, ఆక్సిజన్ చేరిన ఎన్–ఆక్సైడ్ ఇంప్యూరిటీ ఎక్కడ వస్తాయో నైట్రోజన్ని చూసి ముందే చెప్పొచ్చు. హాలోపెరిడాల్‌ని డెకనోయేట్ ఎస్టర్‌గా మార్చి నువ్వుల నూనెలో కలిపి నెలకొక ఇంజెక్షన్‌గా ఎందుకిస్తారో కూడా ఇంటర్వ్యూలో అడగొచ్చు. మాత్రలు వేసుకోవడం మానేసే రోగికి అదే ఆధారం.

కానీ ఇప్పుడు ఇంటర్వ్యూలో తప్పకుండా వచ్చేది నైట్రోసమీన్ల ప్రశ్న, అంటే క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న ఇంప్యూరిటీలు. 2018లో రక్తపోటు మందు వల్సార్టాన్‌లో ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమీన్ బయటపడ్డాక ప్రపంచమంతా దీనిమీదే ఉంది. మన మెదడు మందులకి ఇది మరీ దగ్గరి విషయం, ఎందుకంటే ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్, డ్యులాక్సెటిన్, నార్‌ట్రిప్టిలిన్, ఇవన్నీ సెకండరీ అమీన్లు, నైట్రోజన్ మీద రెండే కార్బన్లున్నవి. నైట్రైట్, కొంచెం యాసిడ్ తగిలితే మందే నైట్రోసమీన్‌గా మారగలదు. డ్యులాక్సెటిన్ కాప్సూల్స్‌ని ఈ కారణంతో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్న సందర్భాలున్నాయి. నైట్రైట్ ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే నీళ్లు, రికవరీ సాల్వెంట్లు, మాత్రలో కలిపే ఎక్సిపియెంట్లు అని వరసగా చెప్పగలగాలి. నైట్రోసమీన్ పక్క కార్బన్ల మీద హైడ్రోజన్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. అనుమతించే పరిమితిని తేల్చడంలో ఆ సంఖ్యకి పెద్ద పాత్ర ఉంది.

లెక్క కూడా వేయిస్తారు. ఎన్‌డీఎంఏ పరిమితి రోజుకి 96 నానోగ్రాములు. సెర్ట్రలిన్ రోజుకి గరిష్ఠంగా 200 మిల్లీగ్రాములు ఇస్తారు. 96ని 200తో భాగిస్తే మిల్లీగ్రాముకి 0.48 నానోగ్రాములు, అంటే 0.48 పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు అనే లెక్క). అదే ఎన్‌డీఎంఏ పరిమితి రోజుకి 20 మిల్లీగ్రాములు ఇచ్చే మందుకి 4.8 పీపీఎం అవుతుంది. ఎందుకు పెరిగిందని అడుగుతారు, డోసు తగ్గింది కాబట్టి అని చెప్పండి. ఆ వెంటనే డైమిథైల్ఫార్మమైడ్ వాడే స్టెప్‌లో ఎన్‌డీఎంఏ ఎలా పుడుతుందని అడుగుతారు. ఆ సాల్వెంట్ విడిపోతే డైమిథైల్ అమీన్ వస్తుంది, దానికి నైట్రైట్ తగిలితే ఎన్‌డీఎంఏ. ఇది కాగితం మీద బాణం గుర్తులతో గీసి చూపించండి.